పోయిన కార్డు చావదు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పోయిన వారం ఒకాయన మెసేజ్ పెట్టారు. మెట్రోలో పర్సు పోయింది, ఆధార్, పాన్, లైసెన్సు అన్నీ అందులోనే ఉన్నాయి, ముందు ఏం చేయాలి అని. పది నిమిషాల్లో ముప్పై సమాధానాలు వచ్చాయి. పోలీసు కంప్లైంట్ ఇవ్వమని ఒకరు, పేపర్లో ప్రకటన వేయించమని ఒకరు, నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించమని ఇంకొకరు. అవేమీ అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ఫీజు కడితే కొత్త కార్డు ఇంటికే వస్తుందని మరొకరు. అందరూ మంచి మనసుతోనే చెప్పారు. కొత్త కార్డు ఎలా తెచ్చుకోవాలో వివరంగా చెప్పారు. పోయిన కార్డు సంగతేంటని మాత్రం ఎవరూ అడగలేదు.

ఏడాది క్రితమైతే నేనూ అడిగేదాన్ని కాదు. మా ఇంట్లో జరిగింది చూశాక, అసలు ప్రశ్న అదేనని నాకు అర్థమైంది. రెండు లైన్ల మెసేజ్‌లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

కల్వకుర్తి బస్టాండు

పోయిన ఏడాది కార్తీక మాసంలో మా నాన్న శ్రీశైలం వెళ్ళి వస్తూ కల్వకుర్తి బస్టాండులో టీ తాగడానికి దిగారు. బస్సు కదిలాక చూసుకుంటే జేబులో పర్సు లేదు. ఆయన రిటైర్డ్ టీచరు, డెబ్భైకి దగ్గర పడ్డారు. కంగారుగా నాకు ఫోన్ చేశారు. "డబ్బులు పన్నెండొందలే అమ్మా, పోతే పోయాయి. కార్డులన్నీ అందులోనే పెట్టుకున్నాను" అన్నారు. ఆధార్, పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఏటీఎం కార్డు.

ఏటీఎం కార్డు ఆపడానికి నాలుగు నిమిషాలు పట్టింది. బ్యాంకు నంబరుకి ఫోన్ చేశాను, రెండు ప్రశ్నలు అడిగారు, కార్డు బ్లాక్ అయిందని నాన్న ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆయన బస్సు కల్వకుర్తి పొలిమేర దాటకముందే ఆ కార్డు ఎందుకూ పనికిరాని ప్లాస్టిక్ ముక్క అయిపోయింది.

మిగతా నాలుగింటికీ అలాంటి నంబరు కోసం ఆ రాత్రంతా వెతికాను. ఆధార్‌కి 1947 ఉంది. నంబరు మర్చిపోతే, కార్డు పోతే సాయం చేయడానికే గానీ పోయిన కార్డును రద్దు చేయడానికి కాదు. పాన్ రీప్రింట్‌కి యాభై రూపాయల ఫీజుతో దరఖాస్తు ఉంది. ఓటరు కార్డుకి ఫారం 8 ఉంది. లైసెన్సుకి డూప్లికేట్ ఉంది, అది వచ్చేదాకా డిజిలాకర్‌లో ఉన్నది చూపిస్తే చెల్లుతుంది. ఆధార్‌ని ఫోన్‌కి ఓటీపీ తెప్పించుకుని అప్పటికప్పుడే డౌన్‌లోడ్ చేసుకున్నాం. ఆధార్‌కి, పాన్‌కి పోలీసు కంప్లైంట్ తప్పనిసరి కూడా కాదు. నిజం చెప్పాలంటే ఈ పని మన దేశంలో చాలా సులువైంది. పదిహేనేళ్ళ కిందట రేషన్ కార్డు పోగొట్టుకున్న మా మేనత్త మండలాఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో నాకు గుర్తుంది. ఆ కష్టం ఇప్పుడు లేదు.

మూడు వారాల తర్వాత పర్సు తిరిగొచ్చింది. బెంచీ కింద పడి ఉంటే టీ కొట్టు ఆయన తీసి దాచారట. అందులోని చిన్న డైరీలో నా నంబరు చూసి ఫోన్ చేశారు. పన్నెండు వందలూ అలాగే ఉన్నాయి. దొరికిన వస్తువు ఎవరిదో తెలిసీ సొంతం చేసుకుంటే నేరమని భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ చెబుతుంది గానీ, ఆయన ఏ సెక్షన్ చదివి ఉంటారు? ఆయనకి మేం ఎంత చెప్పినా రుణం తీరదు.

ఆ సాయంత్రం నాన్న పాత కార్డులనూ, మేం కొత్తగా తెప్పించినవాటినీ టేబుల్ మీద పక్కపక్కనే పెట్టారు. రెండు ఆధార్‌లు, రెండు పాన్‌లు. నంబర్లు అవే. ఏది ఎక్కడ చూపించినా చెల్లుతుంది. రెండు వేర్వేరు పాన్ నంబర్లుంటే పదివేల జరిమానా, ఒకే నంబరుతో రెండు కార్డులుంటే తప్పేమీ లేదు. "మరి ఈ మూడు వారాలూ ఇది ఎవరి చేతిలో ఉన్నా చెల్లేదన్నమాటేగా?" అని నాన్న అడిగారు. అవును. ఆ పర్సులో చచ్చిపోయింది ఏటీఎం కార్డొక్కటే.

మనకి తెలిసిన గుర్తింపు పత్రాల్లో పోతే నిజంగా చచ్చిపోయేది పాస్‌పోర్టు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తే, మన దగ్గర ఉంటుందంతే. పోయిందని పోలీసు రిపోర్టుతో చెబితే పాత నంబరు రద్దయి, కొత్త నంబరుతో ఇంకొకటి ఇస్తారు. రద్దయ్యాక పాతది బీరువాలో దొరికినా దాంతో ప్రయాణం చేయకూడదు. ఆధార్, పాన్‌లను అలా కట్టలేదు. ఆధార్‌లో నంబరే మనిషి, కార్డు దాని అచ్చు మాత్రమే. అచ్చు పోతే ఇంకో అచ్చు. నంబరు పుట్టుమచ్చలాగా జన్మంతా ఉంటుంది.

బీరువాలో ఉన్న అసలు

పర్సు పోయిన భయంతో నాన్న క్రెడిట్ రిపోర్టు, అంటే ఆయన పేరు మీదున్న అప్పుల చిట్టా, తెప్పించాను. క్రెడిట్ బ్యూరోలు దాన్ని ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలి, ఇస్తాయి. అందులో నాన్న పేరు మీద 27,000 రూపాయల అప్పు ఉంది. ఒక మొబైల్ ఫోన్ కోసం ఈఎంఐలో తీసుకున్నది. రెండు వాయిదాలు కట్టి మానేశారు. నాన్న జన్మలో ఈఎంఐ మీద ఏదీ కొనలేదు. ఆయన ఫోన్ మా తమ్ముడు వాడి వదిలేసింది.

మొదట పర్సు దొంగ పనే అనుకున్నాం. తేదీ చూస్తే పర్సు పోవడానికి పద్నాలుగు నెలల ముందుది. ఆ ఫైనాన్స్ కంపెనీని అడిగి అడిగి ఫైలు తెప్పించుకున్నాం. అందులో నాన్న ఆధార్ జిరాక్స్ ఉంది. దాని మీద ఆయన సంతకం, తెలుగులో, గుండ్రంగా. అది ఫోర్జరీ కాదు, ఆయన చేసిందే. ఎప్పుడో ఎక్కడో ఏదో పని కోసం ఆయనే సంతకం పెట్టి ఇచ్చిన కాపీ. దాని మీద అడ్రసు మా ఊరిది. 2019లో నాన్న అడ్రసు హైదరాబాద్‌కి మార్పించుకున్నారు, పర్సులో తిరిగేది ఆ కొత్త కార్డు. ఊరి అడ్రసున్న పాత కార్డు లామినేషన్‌తో సహా మా బీరువాలో, పెళ్ళి పత్రికల కింద ఉంది.

ఆ జిరాక్స్ మీద ఇంకో ముద్ర కూడా ఉంది. ఓఎస్‌వీ. అంటే, అసలు చూసి సరిపోల్చుకున్నాం అని. కింద ఏజెంటు సంతకం. బ్యాంకులకీ ఫైనాన్స్ కంపెనీలకీ రిజర్వు బ్యాంకు పెట్టిన కేవైసీ నిబంధన అది. కాపీ తీసుకుంటే అసలు పత్రంతో పోల్చి చూసి, చూశామని ఆ కాపీ మీదే రాయాలి. అసలు మా బీరువాలో ఉంది. వాళ్ళు చూసిందేమిటి? పక్క పేజీలో ఉన్న ఫోటో ముప్పై ఏళ్ళ కుర్రాడిది. ఆధార్ మీద పుట్టిన సంవత్సరం 1956 అని ఉంది.

ఇంత కళ్ళ ముందున్నా కంపెనీ నుంచి వచ్చిన జవాబు ఏమిటంటే, ఈ అప్పు మీరు తీసుకోలేదనడానికి ఆధారాలు పంపండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, నోటరీ అఫిడవిట్, సంతకం పెట్టిన ఆధార్ జిరాక్స్. ఆ చివరిది చదివి నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇదిచ్చే కదమ్మా ఇక్కడికొచ్చాం" అన్నారు తర్వాత.

స్టేషన్‌కి వెళ్తే అక్కడున్న అధికారి ఓపిగ్గానే విన్నారు. "మీ డబ్బులు ఏమైనా పోయాయా పెద్దాయనా?" అని అడిగారు. పోలేదు. "అయితే నష్టం ఎవరికి? కంపెనీకి. కంప్లైంట్ వాళ్ళు ఇవ్వాలి." అందులో అన్యాయంగా అన్నదేమీ లేదు. కానీ కంపెనీ ఇవ్వదు. దాని లెక్కలో బాకీదారు మా నాన్న. నష్టపోయింది కంపెనీ, దొంగ ఎవరో కుర్రాడు, నిరూపించుకోవాల్సింది మూడో మనిషి. నాలుగు నెలలు పట్టింది ఆ ఎంట్రీ తీయించడానికి. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. అది ఎత్తి చూపాకే కదలిక వచ్చింది.

చట్టాలు ఎవరితో మాట్లాడుతున్నాయి

ఆ నాలుగు నెలల్లో చట్టాలన్నీ తిరగేశాను. శిక్షలు తక్కువేం కాదు. ఇంకొకరిలా నటించి మోసం చేస్తే న్యాయ సంహిత 319 కింద ఐదేళ్ళ దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో ఇది మూడేళ్ళే ఉండేది. ఐటీ చట్టం 66సి కింద ఇతరుల గుర్తింపు వివరాలు మోసంతో వాడితే మూడేళ్ళు, లక్ష దాకా జరిమానా. 2023 టెలికాం చట్టం ప్రకారం వేరేవాళ్ళ పేరుతో మోసం చేసి సిమ్ తీసుకుంటే మూడేళ్ళు, లేదా 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ఆధార్ చట్టంలోనూ శిక్షలున్నాయి. కానీ ఆ చట్టం కింద నేరం జరిగిందని కోర్టుకి ఫిర్యాదు చేసే హక్కు 2019 సవరణ దాకా ఆధార్ సంస్థకి తప్ప మనకి లేదు. నా నంబరు, నా వేలిముద్ర, నా కష్టం, ఫిర్యాదు మాత్రం ఇంకొకరు చేయాలి. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాకే మారింది. ఈ ఒక్క విషయం చాలు, ఈ చట్టాలు రాసేటప్పుడు ఎవరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాశారో తెలియడానికి.

ఇవన్నీ దొంగ దొరికాక పనికొచ్చేవి. దొంగ దొరికేదాకా ఆ మరక ఎవరి ఒంటి మీద ఉండాలి? దీనికి జవాబు ఒకచోట ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్‌లో. మనకి తెలియకుండా ఖాతాలోంచి ఎలక్ట్రానిక్‌గా డబ్బు పోతే, తప్పు బ్యాంకుదీ మనదీ కాక మధ్యలో ఇంకెవరిదో అయితే, మూడు పనిదినాల్లో చెబితే మనకి బాధ్యత సున్నా. పైగా, తప్పు ఖాతాదారుదేనని నిరూపించే బాధ్యత బ్యాంకు మీదే ఉంటుందని స్పష్టంగా రాసిపెట్టారు. ఏటీఎం కార్డు నాలుగు నిమిషాల్లో ఎందుకు చచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. అది చావకపోతే నష్టం బ్యాంకుది. అందుకే ఫోన్ ఎత్తడానికి అర్ధరాత్రి కూడా మనిషిని పెట్టుకున్నారు.

నేను కోరుకునేది ఆ ఒక్క వాక్యాన్ని గుర్తింపు కార్డులకి కూడా తేవాలని. ఒకరి పేరు మీద అప్పో, సిమ్మో, జీఎస్టీ రిజిస్ట్రేషనో ఇచ్చినవాళ్ళు, ఎదురుగా వచ్చింది ఆ మనిషేనని తామే నిరూపించాలి. నిరూపించలేకపోతే ఆ మనిషి రికార్డు నుంచి దాన్ని తీసేయాలి, ఎఫ్‌ఐఆర్ తెమ్మనకుండా, మళ్ళీ ఆధార్ కాపీ అడక్కుండా. ఇలాంటి వాక్యం గుర్తింపు కార్డుల చట్టాల్లో నాకు కనబడలేదు. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 250 కోట్ల దాకా జరిమానా ఉంది, గొప్పగా వినిపిస్తుంది. ఆ డబ్బు వెళ్ళేది ప్రభుత్వ ఖాతాకి, మా నాన్న లాంటివాళ్ళకి కాదు.

జిరాక్స్ షాపులో

"జాగ్రత్తగా ఉండాల్సింది మనమే కదా" అని మా తమ్ముడు అంటాడు. చాలామంది అంటారు. కొంత నిజమే. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు నుంచి ఒక ప్రకటన వచ్చింది, ఆధార్ జిరాక్స్ ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వొద్దు, చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి అని. జనం భయపడ్డారు. రెండు రోజుల్లో, 29న, తప్పుగా అర్థం చేసుకుంటున్నారని ఆ ప్రకటన వెనక్కి తీసుకుని, మామూలు జాగ్రత్త పాటిస్తే చాలన్నారు. నేను అప్పుడు రెండూ చదివాను. మామూలు జాగ్రత్త అంటే ఏమిటో అప్పటికీ అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు.

మా వీధి చివర జిరాక్స్ షాపు ఉంది. గోడ మీద పెద్దక్షరాలతో ఒక వాట్సాప్ నంబరు. ఫైలు దానికి పంపితే ప్రింటు తీసిస్తారు. ఒకసారి నా ప్రింటు కోసం నిలబడి ఉండగా ఆ కుర్రాడు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాడు. కిందికి జరుపుతుంటే అన్నీ ఈ-ఆధార్ ఫైళ్ళే, వందల్లో. వాటికి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారా? ఇంగ్లిషులో పేరు మొదటి నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం. అదే అందరికీ. ఆ కుర్రాడు మంచివాడే, పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే పని చేస్తాడు. అవి చెరిపేయమని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ లైన్లో నిలబడ్డవాళ్ళలో ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం వచ్చిన పిల్లలున్నారు, పెన్షన్ కోసం వచ్చిన ముసలమ్మ ఉంది. కాపీ ఇవ్వను అనే అవకాశం వాళ్ళలో ఎవరికుంది?

కార్డు దాకా పోనక్కర్లేదని మన రెండు రాష్ట్రాలకీ బాగా తెలుసు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ డిస్ట్రిబ్యూటర్ భూముల రిజిస్ట్రేషన్ పత్రాలు ఆన్‌లైన్‌లో తీసి, వాటి మీదున్న వేలిముద్రలతో రబ్బరు స్టాంపుల్లాంటివి చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ భూములు కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు ఏ కార్డూ పోగొట్టుకోలేదు. చట్టం చెప్పినట్టు సబ్‌రిజిస్ట్రార్ ఎదుట వేలు పెట్టారు. 2023లో విజయవాడలో ఒకే ఫోటో మీద 658 సిమ్‌లు బయటపడ్డాయి. మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకునే సదుపాయం 2021లో దేశంలో మొదట తెలుగు రాష్ట్రాల్లోనే వచ్చింది. ఇప్పుడది టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో ఉంది. నాకు దీని మీద గౌరవం ఉంది, ఎందుకంటే 'ఇది నా నంబరు కాదు' అని ఒక్క బటన్ నొక్కితే చాలు. నిరూపించమని నిన్ను అడగదు. అప్పుల విషయంలో అలాంటి బటన్ ఎందుకుండకూడదు?

నాకున్న సందేహాలు

నా వాదనకి ఎదురు చెప్పేవి లేకపోలేదు. అన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయనీ అనను.

మొదట నేను కోరుకున్నది ఒక బ్లాక్ నంబరు. ఫోన్ చేస్తే ఆధార్ ఆగిపోవాలి. నిజానికి వేలిముద్రలు లాక్ చేసుకునే వీలు ఇప్పుడే ఉంది. పర్సు పోయిన రాత్రి నాన్నవి లాక్ చేశాను, చేసిన సంగతి మర్చిపోయాను. నెల తర్వాత లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్తే మిషన్ మీద వేలు ఎన్నిసార్లు పెట్టినా తీసుకోలేదు. ముసలితనంలో గీతలు అరిగిపోయాయని బాధపడుతూ ఇంటికొచ్చారు. నాన్నకి నేనున్నాను, ఐదు నిమిషాల్లో తెరిచాను. రేషన్ షాపులో ఈపాస్ మిషన్ దగ్గర నిలబడ్డ ఒంటరి మనిషికి ఇలా జరిగితే ఆ నెల బియ్యం లేవు. పగబట్టిన కొడుకో తోడికోడలో ఫోన్ చేసి లాక్ చేయిస్తే? ఆధార్‌ని ఇన్నిటికి ముడిపెట్టాక, దాన్ని ఏటీఎం కార్డులా చంపేసే నంబరు ఇవ్వడం ప్రమాదమే. పైగా లాక్ చేసినా జిరాక్స్‌ని అది ఆపదు. అందుకే ఆ కోరిక వదులుకున్నాను. బాధ్యత మార్చమని అడుగుతున్నాను.

రెండోది, మా పెదనాన్న కొడుకు అడిగింది. వాడు చిన్న ఊళ్ళో ఎలక్ట్రానిక్స్ షాపు నడుపుతాడు. "అక్కా, నువ్వన్నట్టు చేస్తే ఎవడైనా ఫోన్ తీసుకెళ్ళి నేను కాదు అంటాడు. అప్పుడు కంపెనీలు ఊళ్ళల్లో అప్పులే ఆపేస్తాయి. స్మార్ట్‌ఫోన్ లేనివాడికి, ఓటీపీ రానివాడికి ఎవడూ ఇవ్వడు." ఇది నన్ను చాలా ఆలోచింపజేసింది. డబ్బు కోసం తమ కార్డు తామే ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. వెయ్యి రూపాయలకి సిమ్ తీసిచ్చేవాళ్ళు, ఖాతా అద్దెకిచ్చేవాళ్ళు. మన పాస్‌పోర్టు తెలిసి ఇంకొకరిని వాడనిస్తే మనకీ శిక్షేనని పాస్‌పోర్టుల చట్టం ముందే చెప్పింది, అది సబబే. కానీ నేను కాదన్నవాడిని గుడ్డిగా నమ్మమని నేననడం లేదు. ముప్పై ఏళ్ళ ముఖానికీ 1956కీ తేడా చూడమంటున్నాను. ఆధార్ మీదున్న క్యూఆర్ కోడ్‌లో ఫోటో, వివరాలు డిజిటల్ సంతకంతో ఉంటాయి, స్కాన్ చేస్తే కనబడతాయి. ఎదురుగా ఉన్నవాడితో పోల్చుకోవచ్చు. ఆ ఏజెంటు ఆ పని చేయలేదు, ఎందుకంటే చేయకపోయినా అతనికీ అతని కంపెనీకీ ఏమీ కాదు. ఊళ్ళల్లో అప్పులు తగ్గుతాయన్న మాటకి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొంత తగ్గొచ్చు. మా నాన్నలాంటివాళ్ళ పేరు మీద పుట్టే అప్పులు కూడా అందులో తగ్గుతాయి.

పోయిన నెల విజయవాడలో ఒక లాడ్జిలో దిగాం. మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చాను. రిసెప్షన్‌లో అబ్బాయి ఇబ్బందిగా ముఖం పెట్టి, "మేడమ్, పూర్తి నంబరు లేకపోతే చెకింగ్‌కి వచ్చినవాళ్ళు మమ్మల్ని అంటారు" అన్నాడు. అతని వెనక అలమరాలో తాళ్ళతో కట్టిన జిరాక్స్ కట్టలు పైకప్పు దాకా ఉన్నాయి. ఎన్నాళ్ళు ఉంచుతారని అడిగాను. "తీసేయమని ఎవరూ చెప్పలేదు మేడమ్" అన్నాడు.

నాన్న ఇప్పుడు ఏ కాపీ ఇచ్చినా దాని మీద అడ్డంగా రాసి ఇస్తున్నారు. ఎవరికిస్తున్నారో, ఏ పని కోసమో, ఏ తారీకో, ఆ తర్వాతే సంతకం. ముప్పై ఐదేళ్ళు బోర్డు మీద రాసిన చెయ్యి, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. మొన్న ఒక ఆఫీసులో ఆ కాగితం తిరిగిచ్చేశారు. రాతలుంటే స్కాన్‌లో సరిగ్గా రాదట, శుభ్రమైన కాపీ తెమ్మన్నారు. నాన్న ఇవ్వనని చెప్పి వచ్చేశారు. పెద్ద పనేం కాదు, కరెంటు మీటరు పేరు మార్పు. మూడుసార్లు వెళ్ళారు, మూడుసార్లూ అదే కాగితంతో. మీటరు ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంది.